చెవి పైన జుట్టు

ఒడీల్ హింగెల్ ఎవరినైనా ముందు ముఖంలో చూడదు, చెవి పైన చూస్తుంది. సెయింట్ క్లాడ్ రోడ్డు మీద ఆమె బ్యూటీ పార్లర్ తలుపు తోసుకుని ఎవరొచ్చినా సరే, పలకరింపైనా, కుర్చీ చూపించడమైనా ఆ తర్వాతే. ముందు చెవి పైన జుట్టు ఎలా నిలిచిందో చూసుకోవాలి. అక్కడ వంపు నిలబడితే తల మొత్తం నిలబడినట్టేనని ఆమె సిద్ధాంతం. అక్కడ చప్పబడిందా, ఎంత ఖరీదైన గౌను తొడిగినా ఆ మనిషి బస్సులో నిద్రపోయి లేచినట్టే ఉంటుందట. మా తొమ్మిదో వార్డులో పెళ్ళికూతుళ్ళు, వాళ్ళ తల్లులు, ఆ తల్లుల్ని కన్న ముసలమ్మలు అందరూ ఆ మాట పడ్డవాళ్ళే. పడి, మళ్ళీ శనివారం వచ్చి అదే కుర్చీలో కూర్చున్నవాళ్ళే.

ఈ చూపు పార్లర్ పెట్టాక వచ్చింది కాదు. చిన్నప్పుడు ఒక వెండి డాలరు మీది బొమ్మ దగ్గర పట్టుకుంది, ఇక వదల్లేదు. దాన్ని చూపు అనడం కూడా మర్యాదకే. అసలు పేరు కుళ్ళు. ఒడీల్‌కి చెల్లెలు క్లోటీ అంటే కుళ్ళు. అది తనకు తప్ప ఎవరికీ తెలియదని ఒడీల్ నమ్మకం. వార్డులో తెలియనివాళ్ళు లేరు.

వాళ్ళ తాత అనటోల్ హింగెల్ ఎస్‌ప్లనేడ్ వీధి చివరనున్న టంకశాలలో నాణేలు కొట్టే మిషను దగ్గర పనిచేశాడు. మనవరాళ్ళు పుట్టేనాటికి టంకశాల మూతపడింది గాని తాత ఒంట్లో ఆ మిషను ఊపు ఇంకా పోలేదు. వరండాలో కుర్చీలో కూర్చుని కూడా కాలు ఆడిస్తూనే ఉండేవాడు. 1892లో తన చేతి మీద పడ్డ డాలర్లలోంచి రెండింటిని జీతం డబ్బుతో తీసుకుని, దూదిలో చుట్టి, పొగాకు డబ్బాలో దాచుకున్నాడు. తర్వాత ఎన్ని కష్టాలొచ్చినా ఆ డబ్బా మూత తియ్యలేదు. ఒడీల్ చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకున్న రోజున తీశాడు. తెల్ల గౌనులో ఎదురుగా నిలబడ్డ మనవరాలిని చూస్తూ, డబ్బాలోకి చూడకుండానే రెండు వేళ్ళు పెట్టి ఒక నాణెం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆ పిల్ల ఆ నాణెం పక్కన పెట్టుకునే నిద్రపోయేది. ప్రపంచంలో అంతకంటే అందమైన వస్తువు లేదని రెండేళ్ళపాటు నమ్మింది.

రెండేళ్ళకు క్లోటీ వంతు వచ్చింది. తాత మళ్ళీ డబ్బా తీసి రెండోది చిన్నదానికిచ్చాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వరండా మెట్టు మీద కూర్చుని రెండు నాణేలనూ పక్కపక్కన పెట్టారు. ఆ డాలరు మీద ఒకవైపు స్వేచ్ఛాదేవి తల, రెండోవైపు రెక్కలు విప్పిన గద్ద ఉంటాయి. క్లోటీ నాణెం మీద దేవి చెవి పైన జుట్టు పాయ పాయగా, దువ్వెనతో అప్పుడే దువ్వినట్టు ఉంది. గద్ద రొమ్ము మీద ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. ఒడీల్ నాణెం మీద అదే చోట జుట్టు అణిగిపోయి ఉత్త నునుపు. గద్ద రొమ్ము కూరకు సిద్ధం చేసిన కోడి రొమ్ములా ఉంది.

"తాతయ్యా, నాది బాలేదు," అంది ఒడీల్.

"ఏం బాలేదే? రెండూ ఒకే ఏడాదివి. ఒకే మిషను."

"దానికి జుట్టుంది. నాది బోడిది."

తాత పకపకా నవ్వాడు. ఆ నవ్వును ఒడీల్ చచ్చేదాకా క్షమించదు.

"పై అచ్చుకీ కింది అచ్చుకీ నడుమ ఎడం ఉంటుందే పిల్లా. దగ్గరగా బిగిస్తే వెండి ప్రతి గీతలోకీ పోయి కూర్చుంటుంది. కానీ అచ్చులు తొందరగా పగుల్తాయి. పగిలితే పైవాళ్ళు తిడతారు. వెంట్రుకవాసి ఎడం ఎక్కువ వదిలామనుకో, అచ్చులు బతుకుతాయి, బొమ్మ చస్తుంది. ఈ చెవి పైన జుట్టూ, ఆ వెనక గద్ద రొమ్మూ సరిగ్గా ఎదురెదురు. రెండూ లోతు. వెండి చాలకపోతే ముందు పస్తుండేవి ఆ రెండే. ఆ ఏడంతా దాదాపు అట్లాగే కొట్టాం. చెల్లిది ఎడం సరిగ్గా ఉన్న పూట పడ్డట్టుంది."

"మరి నాకెందుకు బోడిది ఇచ్చావు?"

"చెయ్యి పెట్టాను, వచ్చింది ఇచ్చాను. అంతేగా!"

తాత నిజమే చెప్పాడు. కానీ ఒడీల్ చిన్న బుర్ర వేరే లెక్క వేసింది. ఏళ్ళ తరబడి నాణేలు కొట్టిన చెయ్యి అది. ఆ బొటనవేలికి ఏది నునుపో ఏది గరుకో తెలియకుండా ఉంటుందా? తెలిసే మంచిది దాచాడు. చిన్నదాని కోసం దాచాడు. ఈ లెక్క తప్పని ఆమెకు చెప్పగలిగినవాడు మరికొన్నాళ్ళకే పోయాడు. లెక్క మిగిలింది.

ఇక అక్కడి నుంచి క్లోటీకి ఏది దక్కినా ఒడీల్ దాన్ని ఆ డాలరు పద్దులోనే వేసింది. క్లోటీ జుట్టు పుట్టుకతో ఉంగరాలు తిరిగి ఉంటుంది, ఒడీల్‌ది గడ్డిపోచ. క్లోటీ మొగుడు ఓడల్ని లాగే టగ్‌బోటు మీద పనిచేసి ఇంటికొచ్చినప్పుడల్లా వంటగదిలో పాడేవాడు. ఒడీల్ మొగుడు మంచివాడే, కాని పాడడు. ఆఖరికి క్లోటీ పిల్లి కూడా ఒడీల్ పిల్లి కంటే మర్యాదగా కూర్చునేదట. తనకు లేదని ఏడిస్తే ఒక కన్ను పోయిందట, ఎదుటివాళ్ళకు ఉందని ఏడిస్తే రెండోదీ పోయిందట. ఒడీల్‌కి ఆ రెండు కళ్ళూ ఇంకా ఉన్నాయంటే అది దేవుడి దయ.

మొగుడు పోయాక ఆమె నాణేల క్లబ్బులో చేరింది. పార్లర్‌కి వచ్చే ఫాబ్రే గారి భార్య, "ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావే, గురువారం మా ఆయనతో రా," అని తోలింది. ఆ ఆయన గస్ ఫాబ్రే, ఒకప్పుడు మందుల షాపు నడిపినవాడు, క్లబ్బుకి పెద్ద. చర్చి వెనక హాల్లో బల్లలు వేసుకుని, చికోరీ కాఫీ తాగుతూ, భూతద్దాలు కళ్ళకు పెట్టుకుని, నాణేలకు మార్కులు వేసుకుంటూ పోట్లాడుకునే గుంపు అది. డెబ్భై వస్తే పరిపూర్ణం, అరవై దాటితే ఎవరి చేతిలోనూ నలగని నాణెం. ఒడీల్ ఆ పోట్లాటల్లో నెల తిరక్కుండా నిలదొక్కుకుంది.

మా ఊరి టంకశాల డాలర్లంటే ఆ గుంపులో అందరికీ వేళాకోళమే. శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్లు మాత్రమే పోగేసే ఒకాయన ఆమెను ఎప్పుడూ గిల్లేవాడు.

"మిస్ ఒడీల్, మీ తాతగారు ఆ మిషను తొక్కారా, దాని మీద కునుకు తీశారా?"

"కునుకు తీస్తూ కొట్టినా మీ ఆవిడ తల కంటే నయంగానే ఉంది బేబీ. శనివారం పంపించు, చూద్దాం."

ఆ హాల్లో ఆమె నేర్చుకున్నవి చాలానే ఉన్నాయి గాని ముఖ్యమైనవి రెండు. ఒకటి, బోడి నాణేలన్నీ ఒక జాతివి కావు. కొన్ని పుట్టు బోడివి. అచ్చు సరిగ్గా పడక జుట్టు రాలేదు, అంతే. ఆ నునుపు మీద కూడా కొత్త వెండి జిగి ఉంటుంది. దీపం కింద అటూ ఇటూ వంచితే ఆ మెరుపు బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతుంది, చెవి మీదుగా కూడా ఆగకుండా పోతుంది. తెలిసినవాడు దానికి అచ్చు లోపం కింద కొంచెం తగ్గిస్తాడు, మిగతా మార్కులు ఇస్తాడు. కొన్ని అరుగు బోడివి. జుట్టు ఉండేది, చేతులు మారి పోయింది. అక్కడ మెరుపు చక్రం ఆగిపోతుంది, బూడిదరంగు మచ్చ మిగులుతుంది. కొత్తవాళ్ళు ఎప్పుడూ పొరపడేది ఇక్కడే. పుట్టు బోడిని చూసి అరిగిందంటారు, అరిగినదాన్ని చూసి అచ్చు పడలేదంటారు. ఒడీల్ ఇది విన్న రోజున ఇంటికి పరిగెత్తి, సత్ప్రసాదం నాటి చేతిరుమాలులో చుట్టి బీరువా అడుగున పారేసిన తన నాణేన్ని మొదటిసారి దీపం కింద వంచి చూసింది. చక్రం తిరిగింది. కోపంతో ముట్టుకోకుండా వదిలేసిన వస్తువు ఆ కోపం వల్లే చెక్కు చెదరకుండా ఉంది.

రెండో సంగతి గస్ ఒక సాయంత్రం మామూలుగా అన్నాడు. "పాలిష్ పెట్టిన నాణెం చచ్చిన నాణెం. ఎంత గొప్ప అచ్చయినా సరే. ఆ చక్రాన్ని నువ్వు గుడ్డతో తుడిచేసినట్టే. మళ్ళీ రాదు."

ఒడీల్ కాఫీ కప్పు కింద పెట్టింది.

సకల పరిశుద్ధుల పండగకి మా దగ్గర అందరూ సమాధులు శుభ్రం చేసుకుంటారు. హింగెల్ కుటుంబమూ అంతే. పొద్దున్నే లూయిసా వీధి శ్మశానంలో తాతగారి సమాధి గూటికి సున్నం కొట్టి, చేమంతులు పెట్టి, అక్కడి నుంచి గాలియర్ వీధిలో క్లోటీ ఇంటికి వెళ్ళి గంబో తినడం వాళ్ళ రివాజు. రొయ్యలూ బెండకాయలూ వేసి క్లోటీ చేసే ఆ పులుసు గురించి ఒడీల్ ఏనాడూ మంచి మాట అనలేదు, గిన్నె ఖాళీ చెయ్యకుండానూ లేవలేదు. భోజనానికి ముందు క్లోటీ వంటగది బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి అమ్మ వెండి స్పూన్లన్నీ తోముతుంది. ఆఖర్న, ఆ స్పూన్ల డబ్బాలోంచే, తాత ఇచ్చిన డాలరు తీస్తుంది. వేలికి గులాబీరంగు పాలిష్ ముద్ద అద్దుకుని, బొటనవేలితో దాన్ని కూడా రుద్దుతుంది.

గస్ ఆ మాట అన్న ఏడాది పండగకి ఒడీల్ ఆ బల్ల ఎదురుగానే కూర్చుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. వీధిలో ఎవరి కోడలు అలిగిందో, ఎవరి కుక్క ఈనిందో అరగంటలో అందరికీ చేరవేసే మనిషి. ఆ రోజు నోరు తెరిచింది. చెల్లెలి బొటనవేలు దేవి చెవి పైన గుండ్రంగా తిరుగుతోంది. ఒడీల్ పళ్ళెంలోంచి బ్రెడ్డు ముక్క తీసుకుని ఆ తెరిచిన నోట్లో పెట్టుకుంది.

ఆ ఏడాది అలా గడిచింది. మరుసటి ఏడాదీ గడిచింది. పండగ తర్వాతి ఆదివారం పూజలో కాస్త సిగ్గేసేది. పూజ అయ్యేసరికి సిగ్గు పోయి, లోపల ఎక్కడో చల్లగా, హాయిగా ఉండేది. ఒకసారి, "అక్కడ నల్లగా ఉందే, ఇంకాస్త గట్టిగా రుద్దు," అని కూడా అంది. అన్నాక మాట వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత ఆ డాలరును దగ్గరికి తీసుకుని చూడటం మానేసింది. చూస్తే సంతోషం ముఖం మీద తెలిసిపోతుందని భయం.

ఇలా ఎన్నో పండగలు వెళ్ళాయి. క్లోటీ మొగుడు కూడా పోయాడు. పార్లర్‌లో కుర్చీల రంగు మారింది. కాలిఫోర్నియాలో ఒక కంపెనీ నాణేలకు మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపడం మొదలుపెట్టింది. దానితో క్లబ్బులో పోట్లాటలు సగం చచ్చిపోయాయని గస్ బెంగపడ్డాడు.

ఆ గస్సే ఒక మధ్యాహ్నం పార్లర్‌కి వచ్చాడు. డ్రయ్యర్ కింద ఇద్దరు ఆడవాళ్ళున్నారు. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మిస్ ఒడీల్, వసంతంలో పాత టంకశాల భవనంలోనే ప్రదర్శన పెడుతున్నాం. ఒక అద్దాల పెట్టె మొత్తం అక్కడ పనిచేసినవాళ్ళకి. ఒక్కో మనిషి పేరు మీద ఒక్క నాణెం. కింద పనివాడి పేరు, ఎవరి ఇంటి నుంచి వచ్చిందో వాళ్ళ పేరు. మీ తాతగారు కొట్టినవి మీ ఇద్దరి దగ్గరా ఉన్నాయి కదా?"

"ఉన్నాయి."

"రెండూ ఆ కంపెనీకి పంపుదాం. ఎక్కువ మార్కులొచ్చింది పెట్టెలో పెడదాం. ఇంకెట్లా చేసినా మీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోతాను."

ఒడీల్ దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు లాగడం మొదలుపెట్టింది. తాత పేరు. దాని కింద తన పేరు. తాత పనిచేసిన గోడల మధ్య, అందరూ చూస్తుండగా. పొగాకు డబ్బాలోంచి బోడిది అందుకున్న పిల్ల ఇన్నేళ్ళుగా అడుగుతున్నది అదొక్కటే. తాత మనవరాలంటే నేనేనని ఎవరైనా ఒక్కసారి రాసి పెట్టాలి. ఆ రాత చెల్లెలికి దక్కితే మాత్రం ఇక ఈ ఊళ్ళో తల ఎత్తుకోలేదు.

"న్యాయంగానే ఉంది," అంది. ఏది చచ్చిన నాణెమో ఆమెకు తెలుసు కదా, న్యాయంగా ఎందుకుండదు?

ఆ సాయంత్రమే గాలియర్ వీధికి వెళ్ళింది. క్లోటీ వరండాలో ఊగుడు కుర్చీలో బీన్స్ ఒలుస్తోంది. ఒడీల్ సంగతి చెప్పింది.

"స్పూన్ల డబ్బాలో ఉందే, తీసుకుపో," అంది లేవకుండానే. "పోటీకా? మంచిదే. నీదే గెలుస్తుందిలే."

"ఎందుకలా అంటున్నావు?"

"నువ్వు క్లబ్బు మనిషివి కదా! నాకు బీన్సు తప్ప ఏం తెలుసు? ఉండు, ఒక డబ్బాలో గంబో పోసిస్తాను, నిన్నటిది."

బస్సులో కూర్చున్నాక ఒడీల్ భూతద్దం తీసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ నాణేన్ని దగ్గరగా చూసింది. చెవి పైన జుట్టు లేదు. ఒక్క పాయ కూడా లేదు. గద్ద రొమ్ము మీద ఈకలు పోయి నున్నటి మెట్ట మిగిలింది. నాణెం తళతళ మెరుస్తోంది గాని అది స్పూను మెరుపు, దానిలో చక్రం లేదు. ఒడీల్‌కి గుండె నిండా సంతోషం పొంగింది. ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ కళ్ళలో మెదిలిన ఆ జుట్టు ఇక ఈ భూమ్మీద లేదు. దాని వెనకే ఒక వింత దిగులు. ఆ జుట్టంత అందమైన జుట్టు ఆమె తన చేతులతో ఎవరి తల మీదా నిలబెట్టలేకపోయింది. దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

గురువారం క్లబ్బులో గస్ రెండింటినీ దీపం కింద పెట్టాడు. అందరూ మూగారు.

"రెండూ బోడివే! అక్కాచెల్లెళ్ళు కదా, పోలిక పోతుందా?" అన్నాడు శాన్‌ఫ్రాన్సిస్కో ఆయన.

గస్ ఒకదాన్ని వంచాడు, మెరుపు చెవి మీదుగా తిరిగింది. రెండోదాన్ని వంచాడు, మెరుపు కదల్లేదు. ఆ రెండోదాని మీద భూతద్దం చాలాసేపు ఉంచాడు.

"ఇది పుట్టు బోడి కాదు," అన్నాడు మెల్లగా. "ఇదిగో, ఈ పాయల మొదళ్ళు చూడండి. ఈ నాణెం చాలా గొప్పగా పడింది. 1892లో ఇలాంటివి వేళ్ళ మీద లెక్క. ఎవరు చేశారో గాని పాపం చేశారు."

"మా చెల్లి," అంది ఒడీల్. "దానికి తెలీదు."

కార్నివాల్ రోజుల్లో ఫలితం వచ్చింది. ఆ గురువారం క్లోటీ కూడా వచ్చింది, చేతిలో ఆ రోజులకే ప్రత్యేకంగా చేసే పెద్ద కింగ్ కేకు పెట్టుకుని. గస్ పార్సిల్ విప్పి చదివాడు. ఒడీల్ నాణేనికి అరవై నాలుగు. అచ్చు నీరసమైనా జిగి చెక్కు చెదరలేదు. క్లోటీది ప్లాస్టిక్ పెట్టె లేకుండా, ఉత్త కవరులో తిరిగొచ్చింది. రుద్దినది, మార్కులు వెయ్యలేము అని చీటీ.

ఒడీల్ చెల్లెలి ముఖం వైపు తిరిగింది. ఈ ఒక్క క్షణం కోసమే కదా ఇంతకాలం నోరు కట్టుకుంది. ఆ ముఖం వాడిపోవాలి. కనీసం పెదవి వణకాలి. క్లోటీ కత్తి కింద పెట్టి, చేతికంటిన చక్కెర రాలేలా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది.

"చెప్పానా! నీదేనని చెప్పానా లేదా?" అంటూ మొదటి ముక్క అక్క పళ్ళెంలో పెట్టింది.

ఒడీల్ ఆ ముక్క మింగలేకపోయింది. గెలిచింది తను, కడుపు మండుతున్నదీ తనకే. ఏడవాల్సిన వేళ కూడా ఏడవకుండా ఉండటం ఆ క్లోటీకి ఎవరు నేర్పారు? అది కూడా తాతే డబ్బాలోంచి తీసి దానికే ఇచ్చాడా? ఆ రోజు మొదలు వసంతం దాకా ఒడీల్ పార్లర్‌లో ఇద్దరు పెళ్ళికూతుళ్ళ తలలు పాడు చేసింది.

ప్రదర్శన రోజున టంకశాల హాలు నిండిపోయింది. అద్దాల పెట్టెలో నల్ల మఖమల్ మీద నాణెం ఉంది. కింద చిన్న అట్ట మీద రాసి ఉంది. అనటోల్ హింగెల్, నాణేల మిషను పనివాడు. మనవరాలు ఒడీల్ ఇంటి నుంచి. జనం వంగి చదువుతున్నారు, ఆమెతో చేతులు కలుపుతున్నారు. పక్కనే క్లోటీ, కొత్త టోపీ పెట్టుకుని, వచ్చిన ప్రతివాళ్ళకీ "మా అక్కది, మా అక్కది," అని చూపిస్తోంది.

జనం కాస్త పలచబడ్డాక ఒడీల్ ఇక ఆగలేకపోయింది.

"నీకు బాధగా లేదటే?"

"దేనికి?"

"నీదాని గురించి గస్ ఏమన్నాడో తెలుసా? అంత గొప్ప అచ్చు ఇంకోటి దొరకడం కష్టమన్నాడు. పాలిష్ పెట్టి చంపేశావన్నాడు."

"తెలుసే. ఫాబ్రే గారి భార్య నాకెప్పుడో చెప్పింది, నాణేలు రుద్దకూడదని. నువ్వు క్లబ్బులో చేరకముందే."

ఒడీల్‌కి అర్థం కాలేదు. "మరి తెలిసి ఎందుకు రుద్దావు?"

క్లోటీ టోపీ సర్దుకుంది. పులుసులో ఏం వేశావని అడిగితే చెప్పినట్టే చెప్పింది.

"ప్రతి పండక్కీ మా ఇంటికొచ్చేదానివి. గంబో గిన్నె పక్కన పెట్టి మరీ ఆ డాలరు అందుకునేదానివి. దాని జుట్టు చూసేదానివి. ఆ తర్వాత సాయంత్రం దాకా నాతో మాట ఉండేది కాదు. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత విసుగొచ్చింది. ఈ జుట్టే కదా దీని బాధ, పోతే పోనీ, అనుకున్నా. అరిగి నీదానిలాగే అయితే ఇక చూడ్డానికేం ఉంటుంది? నాకున్నది ఒక్క అక్క."

"నాకు చెప్పి ఉండొచ్చుగా!"

"నువ్వు చెప్తావేమోనని చూశా. క్లబ్బులో చేరాక నీకూ తెలిసిపోయుంటుంది కదా. అందుకే ఇంకాస్త నిదానంగా, నీ ముందే కూర్చుని రుద్దేదాన్ని. ఆపవే అని ఒక్కసారి అంటే ఆపేద్దామనే. నువ్వనలేదు." క్లోటీ గొంతులో నిష్ఠూరం లేదు. "సరే, దీనికి ఇదే కావాలన్నమాట అనుకుని కానిచ్చేశా."

ఒడీల్‌కి సిగ్గేసింది. మెడ దాకా, చెవుల దాకా సిగ్గేసింది. ఏళ్ళ తరబడి బ్రెడ్డు ముక్కలు నములుతూ చూసిందంతా చెల్లెలు కూడా చూస్తూనే ఉందన్నమాట. ఆ సిగ్గు అక్కడితో ఆగి ఉంటే ఒడీల్ మంచి మనిషి అయిపోయేది. ఆగలేదు. దాన్ని తోసుకుంటూ పాత మంటే పైకి వచ్చింది, ఎప్పటికంటే ఎక్కువగా. ఒక మనిషి కోసం తనకున్న అందమైనదాన్ని చేతులారా అరగదీసుకోవడం తనకు ఈ జన్మలో చేతకాదు. క్లోటీకి చేతనయింది. ఎవరికీ చెప్పకుండా, లెక్క అడగకుండా చేసేసింది. జుట్టు పోయింది, పెట్టెలో పేరు పోయింది, అయినా మళ్ళీ క్లోటీయే గెలిచింది.

అద్దాల పెట్టెలో తన నాణెం వైపు చూసింది. నల్ల మఖమల్ మీద అది ఎవరిదో పరాయివాళ్ళ వస్తువులా ఉంది. ఆమెకు దాని మీద ఆశ పోయింది. చెల్లెలి చేతిసంచీలో, ఉత్త కవరులో ఉన్న ఆ అరిగిన నాణెం మీదికి పోయింది మనసంతా. తన కోసం ఎవరైనా ఏదైనా చేశారనడానికి ఈ లోకంలో ఉన్న ఒక్క గుర్తు అది, అదీ తన దగ్గర లేదు.

"క్లోటీ, అది నాకివ్వవే."

"ఏది?"

"నీ డాలరు. ఇది నువ్వు తీసుకో. అరవై నాలుగు. గస్‌తో చెప్పి అట్ట మీద నీ పేరు రాయిస్తాను. ఇప్పుడే రాయిస్తాను."

క్లోటీ ఫక్కున నవ్వింది. చేతిసంచీ మీద చెయ్యి వేసుకుంది.

"పోవే! దీన్ని కూడానా?" అంది. "ఇది నాది. ఇది మాత్రం ఇవ్వను."

నవ్వుతూనే అంది గాని నిజంగానే ఇవ్వలేదు. ఎవరో పిలిస్తే అటు వెళ్ళి, పెట్టె వైపు చూపిస్తూ "మా అక్కది," అని చెప్పడం మొదలుపెట్టింది. ఒడీల్ మాత్రం జనంలో కదులుతున్న ఆ చేతిసంచీ వైపే చూస్తూ ఉండిపోయింది.